1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికలు: పత్రికలు రాసిన ప్రజాతీర్పు, పెట్టెల్లో పడ్డ ఓట్లు

పాతకట్టలు:
మిత్రులకు నమస్కారం. పాత పత్రికలు తిరగేసే అలవాటున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ చర్చ పెడుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పుట్టింది. ఏడాది దాటి నెల గడిచిందో లేదో, 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు. కమ్యూనిస్టులు ఓట్లతోనే గద్దె ఎక్కేస్తారేమోనని ఢిల్లీలోనూ, బయటి దేశాల్లోనూ అందరి కళ్ళూ రాజధాని కర్నూలు మీదే. 1952లో ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో 41 వాళ్ళు గెలిచారు మరి. తీరా లెక్కపెడితే 196లో వాళ్ళకు దక్కినవి 15. కాంగ్రెసుకు 119, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5. ఈ మూడూ ఒక కూటమి, మొత్తం 146. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22.

ఆంధ్ర ప్రజలు కమ్యూనిజాన్ని తిప్పికొట్టారన్న మాట అప్పట్నుంచీ స్థిరపడిపోయింది. ఇప్పటికీ ఉపన్యాసాల్లో అదే వింటాం. కానీ ఓట్లు చూడండి. కమ్యూనిస్టు పార్టీకి పడినవి 31 శాతం పైనే, దాదాపు 27 లక్షలు. 1952 కంటే వాళ్ళ ఓట్ల శాతం తగ్గలేదు సరికదా, పెరిగింది. పదిమందిలో ముగ్గురు ఓటేసిన పార్టీని జనం తిప్పికొట్టారని రాస్తే అది వార్తా, సంపాదకుడి కోరికా? ఆనాటి పత్రికలు చదివి జనం మనసులో ఏముందో మనం ఎంతవరకు తెలుసుకోగలం? మీ దగ్గర ఉన్న ఆధారాలు, ఇంట్లో పెద్దలు చెప్పిన సంగతులు ఏవైనా సరే రాయండి.

బెజవాడ బుల్లోడు:
మంచి చర్చ పెట్టారండీ. ఈ విషయం నార్ల వారి పేరు లేకుండా మొదలుపెట్టలేం.

నార్ల వెంకటేశ్వరరావు గారు 1942 నుంచి ఆంధ్రప్రభ సంపాదకులు. ఆ పత్రిక గోయెంకా గారి ఎక్స్‌ప్రెస్ సంస్థది, మద్రాసులో అచ్చయ్యేది. 1955లో ఆయన కలం మొత్తం కమ్యూనిస్టులకు ఎదురుగా నిలబడింది. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ గెలుపుకి నార్ల సంపాదకీయాలు సగం కారణమని మా జిల్లాలో కాంగ్రెస్ వాళ్ళూ అనేవారు, కమ్యూనిస్టులూ అనేవారు. ఒకరు మెచ్చుకుంటూ, ఒకరు పళ్ళు నూరుతూ. శివలెంక శంభుప్రసాద్ గారి ఆంధ్రపత్రిక మొగ్గు కూడా కాంగ్రెస్ వైపే. రెండు పెద్ద దినపత్రికలూ ఒకవైపుంటే ఎదురుగా ఉన్నది కమ్యూనిస్టుల పత్రిక విశాలాంధ్ర ఒక్కటే. అది 1952 జూన్‌లో విజయవాడలో మొదలైంది, అంటే ఎన్నికల నాటికి మూడేళ్ళు కూడా నిండని పత్రిక.

మా తాతగారి ఊరు గుడివాడ దగ్గర. ఊరి గ్రంథాలయంలో సాయంత్రం పూట ఒకాయన అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారట, చుట్టూ పాతికమంది. మొదట ఆంధ్రప్రభ, తర్వాత విశాలాంధ్ర. ఒకే సభ గురించి రెండూ చదివితే రెండు వేర్వేరు ఊళ్ళలో జరిగినట్టుండేదట. చదివే ఆయన కాంగ్రెస్ మనిషి. అయినా విశాలాంధ్ర వంతు వచ్చినప్పుడు గొంతు తగ్గించి చదివితే జనం ఊరుకునేవాళ్ళు కాదు, మళ్ళీ చదివించేవాళ్ళు. కాబట్టి ఏ పత్రిక ఎన్ని ప్రతులు అమ్ముడయ్యిందో చూసి జనాభిప్రాయం తేల్చకండి. ఒక్క ప్రతి వెనక ఎన్ని చెవులు ఉండేవో ఆ లెక్కల్లో కనపడదు.

పల్నాటి పౌరుషం:
పత్రికలకు లేని గొప్పతనం అంటగడుతున్నారు. 1955 ఫలితం తేలింది పొత్తుల దగ్గర.

1952లో ఏం జరిగింది? కాంగ్రెస్ ఒకవైపు, ప్రకాశం గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ ఒకవైపు, రంగా గారి కృషికార్ ఇంకోవైపు. ముగ్గురూ కొట్టుకుంటే మధ్యలో కమ్యూనిస్టులు నెగ్గుకొచ్చారు. 1955కి వచ్చేసరికి ఆ చీలికలన్నీ ఒక్కటయ్యాయి. కాంగ్రెస్ అధిష్ఠానం ఎస్.కె. పాటిల్‌ని బొంబాయి నుంచి పంపి దగ్గరుండి సీట్లు సర్దించింది. ఎక్కడ రంగా గారి మనిషి నిలబడితే గెలుస్తాడో అక్కడ కాంగ్రెస్ తప్పుకుంది. కమ్యూనిస్టులు 169 సీట్లకు పోటీ చేశారు, దాదాపు అన్ని చోట్లా ఒకే గట్టి ప్రత్యర్థి. 31 శాతం ఓట్లు ముక్కోణపు పోటీలో గెలిపిస్తాయి, ముఖాముఖిలో ముంచుతాయి. ఇందులో సంపాదకీయం చేసేదేముంది?

ఇంకో సంగతి కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోయినా. కృష్ణా గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టు నాయకత్వంలో చాలామంది కమ్మ రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. రంగా గారూ ఆ కులం వారే, రైతు నాయకుడు కూడా. ఆయన కాంగ్రెస్ కూటమిలో చేరేసరికి ఆ ఊళ్ళల్లో ఓటు రెండుగా చీలింది. అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ ఈ కోణం మీదే 1956లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. మన పత్రికల్లో ఈ సంగతి చదవాలంటే అభ్యర్థుల పేర్ల పక్కన ఇంటిపేర్లు చూసి మనమే అర్థం చేసుకోవాలి. ఊళ్ళో పిల్లాడికి కూడా తెలిసిన విషయాన్ని పత్రిక అచ్చు వేసేది కాదు.

లెక్కల మాస్టారు:
పల్నాటి గారి మాటకి ఒక లెక్క జోడిస్తాను. రెండేళ్ళ తర్వాత, 1957లో కేరళ చూడండి. కమ్యూనిస్టులకు 35 శాతం ఓట్లు, 126లో 60 సీట్లు. కాంగ్రెసుకు వాళ్ళకంటే ఎక్కువ ఓట్లు, దాదాపు 38 శాతం, కానీ సీట్లు 43. స్వతంత్రులను కలుపుకొని నంబూద్రిపాద్ గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్రకీ కేరళకీ ఓట్ల శాతంలో తేడా నాలుగు. సీట్లలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. అక్కడ జనం కమ్యూనిజాన్ని కోరుకున్నారని, ఇక్కడ కాదన్నారని పత్రికలు రాసుకున్నాయి.

ఇక 1952తో పోలిక దగ్గర జాగ్రత్త అవసరం. అప్పుడు కమ్యూనిస్టులు తక్కువ చోట్ల పోటీ చేశారు. ఎక్కువ చోట్ల నిలబడితే మొత్తం శాతం దానంతటదే కొంత పెరుగుతుంది. అందుకని పెరిగిన ఓటంతా కొత్త మద్దతు అని కూడా చెప్పలేం. పడిపోలేదు అన్నంతవరకు నిజం.

ఓటు వేసే పద్ధతి కూడా ఇప్పటివాళ్ళకు తెలియాలి. ఇప్పటిలా ఒకే కాగితం మీద ముద్ర వెయ్యడం కాదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద గుర్తు. కాంగ్రెసుకి జోడెద్దులు, కమ్యూనిస్టులకి కంకీ కొడవలీ. చేతిలో చీటీ పట్టుకుని తెర వెనక్కి వెళ్ళి నచ్చిన గుర్తున్న పెట్టెలో వెయ్యాలి. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తానికి అక్షరాస్యత 18 శాతం. అంటే ఓటర్లలో ఎక్కువమంది పత్రిక చదవలేరు, పెట్టె మీది బొమ్మ చూసి వేశారు. వాళ్ళ అభిప్రాయం పత్రికలో దొరుకుతుందని వెతకడం కష్టమే.

196 సీట్లున్నా నియోజకవర్గాలు 167 మాత్రమే. 29 చోట్ల ఇద్దరు సభ్యులు, అందులో ఒకటి రిజర్వుడు. ఆ 29 చోట్లా ఒక్కొక్క ఓటరుకి రెండు ఓట్లు. 27 లక్షల ఓట్లంటే 27 లక్షల మనుషులు కాదన్నమాట. పాతకట్టలు గారు "పదిమందిలో ముగ్గురు" అన్నది సుమారుగా తీసుకోవాలి.

మైలాపూర్ తెలుగు:
మద్రాసు వైపు నుంచి ఒక మాట. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ ఇక్కడే అచ్చయ్యేవి. రాష్ట్రం విడిపోయి కర్నూలు రాజధాని అయిన తర్వాత కూడా ఆంధ్రుల ఈ రెండు పెద్ద దినపత్రికలూ ఆంధ్రలో లేవు! ఆంధ్రప్రభ 1959 దాకా ఇక్కడే ఉంది. రాత్రి అచ్చయిన కట్టలు రైలెక్కి నెల్లూరు, ఒంగోలు, బెజవాడ మీదుగా పోవాలి. శ్రీకాకుళంలో చదివేవాడికి అందేసరికి వార్త పాతదయ్యేది. విశాలాంధ్రకి ఆ బాధ లేదు, బెజవాడలో అచ్చయిన పత్రిక కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాలకి తెల్లారేసరికి చేరేది. ఎన్నికల రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

మా నాన్న ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటర్. తెలుగు కేసు, అంటే అచ్చు అక్షరాలు పెట్టే గళ్ళ పెట్టె ముందు నిలబడి చెయ్యడమంటే ఒళ్ళు హూనం. ఇంగ్లీషుకి సరిపోయే గళ్ళు మనకి ఎక్కడ చాలతాయి? గుణింతాలు, ఒత్తులు అన్నిటికీ వేరే గళ్ళు. ఫలితాలు వచ్చే రాత్రుళ్ళు పేజీ కట్టేశాక కూడా టెలిగ్రాములు వస్తూనే ఉండేవట. కట్టిన పేజీ విప్పి, ఒక లైను తీసి, కొత్త అంకె పెట్టి, మళ్ళీ తాడు బిగించేవాళ్ళు. పెద్ద శీర్షికలకి చెక్క అక్షరాలు. అందులో కొన్ని అక్షరాలు రెండో మూడో మాత్రమే ఉండేవి. ఉన్న అక్షరాలకు సరిపోయేలా శీర్షిక మార్చిన రోజులు కూడా ఉన్నాయని నాన్న చెప్పేవారు. అందుకే పాత పత్రికలో ఒక మాట ఎందుకు పడిందా అని ఆలోచించేటప్పుడు నేను సంపాదకుడితో ఆగను, కేసు ముందు నిలబడ్డ మనిషిని కూడా తలుచుకుంటాను.

నల్లగొండ పోరి:
మీ చర్చ మొత్తం చదివిన. మంచిగున్నది. కానీ 1955 అంటె మాకు వేరే లెక్క.

మేం అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంల ఉన్నం. మా నల్లగొండల 1952 లోక్‌సభ ఎన్నికల్ల రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని గెలిచిండ్రు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండె, అందుకని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) పేరు మీద పోటీ చేసిండ్రు. దేశంలనే ఎక్కువ ఓట్లు. దాన్ని జనాభిప్రాయం అనకుంట ఏమంటరు? మా నాయినమ్మకు అక్షరం రాదు. సాయుధ పోరాటం చూసిన మనిషి. పేపర్ల ఏమొచ్చిందో ఆమెకు ఎరుక లేదు, దొర గడీ ఎట్లుంటదో ఎరుక.

ఇంక పత్రికల సంగతి. హైదరాబాద్‌ల పత్రికలంటె ఎక్కువ ఉర్దూ. తెలుగుకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1926ల మొదలుపెట్టిన గోలకొండ పత్రిక ఉన్నది. ఉర్దూల ఇమ్రోజ్ నడిపిన షోయబుల్లా ఖాన్, హైదరాబాద్ ఇండియాల కలవాలె అని రాసినందుకు 1948 ఆగస్టుల నడివీధిల చంపిండ్రు. ఆయన చెయ్యి నరికిండ్రు. పత్రికలు జనాభిప్రాయం చెప్పినయా లేదా అని మనం ఇప్పుడు కూసోని మాట్లాడుకుంటున్నం, ఆ కాలంల ఒక అభిప్రాయం అచ్చేసినందుకు పాణం పోయింది. అది మర్చిపోవద్దు.

1955ల రాష్ట్రాల పునర్విభజన మీద ఏసిన ఫజల్ అలీ కమిషన్ రిపోర్టు వచ్చింది. విశాలాంధ్ర, అంటె తెలుగోళ్ళందరికీ ఒకే రాష్ట్రం గురించి ఆంధ్రల అభిప్రాయం గట్టిగ ఉన్నదనీ, తెలంగాణల అభిప్రాయం ఇంకా ఒక రూపానికి రాలేదనీ రాసిండ్రు. 1961 దాంక హైదరాబాద్ రాష్ట్రం వేరేగ ఉంచి, ఆ ఎన్నికల తర్వాత అసెంబ్లీల మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటెనే కలపాలె అన్నరు. ఏమైంది? ఏడాది దాటంగనే, 1956 నవంబర్ 1న కలిపిండ్రు. జనాన్ని అడిగిందెవరు?

బెజవాడ బుల్లోడు:
నల్లగొండ పోరి గారూ, అడగలేదనడం సరికాదేమో. 1955 చివర్లో హైదరాబాద్ శాసనసభలో చర్చ జరిగింది కదండీ. 103 మంది విశాలాంధ్రకు అనుకూలం, 29 మంది వ్యతిరేకం, 15 మంది తటస్థం. తెలంగాణ సభ్యుల్లో కూడా ఎక్కువమంది అనుకూలంగానే మాట్లాడారు.

నల్లగొండ పోరి:
అన్నా, ఆ లెక్క నాకు ఎరుకే. వాళ్ళు గెలిచింది 1952ల. అప్పుడు ఓటేసినోళ్ళ ముందట విలీనం అనే ప్రశ్ననే లేదు. పైగ అదే 1952 సెప్టెంబర్ల ముల్కీ గొడవ అయింది, హైదరాబాద్‌ల పోలీసు కాల్పులల్ల పిల్లలు పాణాలు ఇడిసిండ్రు. బయటోళ్ళకు నౌకర్లు ఇస్తున్నరని బడి పిల్లలు రోడ్డు మీదికొచ్చిండ్రు. అది అభిప్రాయం కాదా? అసెంబ్లీల చేతులెత్తినోళ్ళది అభిప్రాయం, రోడ్డు మీద కాల్పులల్ల పోయినోళ్ళది గొడవ. పత్రికల్ల ఇట్లనే ఉంటది. 1956 ఫిబ్రవరిల పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరంటెనే, భయం ఉన్నదని ఆ సంతకాలు పెట్టినోళ్ళందరికీ తెలుసు.

డెస్కు దీపం:
నేను పత్రికల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా సీనియర్ల దగ్గర విన్నదాన్ని బట్టి ఆ కాలంలో వార్త ఎలా తయారయ్యేదో చెబుతాను.

జిల్లా విలేకరి అంటే జీతానికి పనిచేసే మనిషి కాదు. ఊళ్ళో ప్లీడరో, మాస్టారో, పుస్తకాల షాపాయనో. లైనుకింత అని ఇచ్చేవారు. చాలాచోట్ల ఆయనే కాంగ్రెస్ తాలూకా కమిటీలో సభ్యుడు కూడా. నెహ్రూ వచ్చిన సభకు ఎంతమంది వచ్చారో రాయాలంటే ఆయన లెక్క ఏముంటుంది? సభ పెట్టినవాళ్ళు చెప్పింది. మైదానంలో జనం చూసి అభిప్రాయం అంచనా కట్టడం ఆనాటి పద్ధతి. కానీ నెహ్రూ సభకు కమ్యూనిస్టులూ వెళ్ళారు, చూసి వచ్చి కంకీ కొడవలికి ఓటేశారు. ఆయన్ని చూడ్డం వేరు, ఓటు వేరు. ఇంటికి వెళ్ళి నలుగురినీ అడిగి లెక్కగట్టే సర్వేలు మన జిల్లాల్లో అప్పటికి లేవు.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు నుంచే ఉంది. కానీ పార్టీలకు రేడియోలో ప్రచార సమయం ఇవ్వడం 1977లో మొదలైంది. కాబట్టి 1955లో ఉన్నవి పత్రిక, కరపత్రం, మైకు, గోడమీది రాత, బుర్రకథ. ఈ అయిదింటిలో మన చేతికి అందినది పత్రిక ఒక్కటే. కరపత్రాలు చెత్తలో కలిశాయి, గోడలకు సున్నం వేశారు. మిగిలిన దాన్ని బట్టి అంతా ఇదే అనుకుంటున్నాం.

ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. అంతకు ముందు ఏడాది గుంటూరులో స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి వినోబా భావే మాట మీద విరమించారు. అందుకని ఇది కూడా అలాగే ముగుస్తుందని ఢిల్లీలో చాలామంది అనుకున్నారు. 58 రోజులు గడిచాయి. డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. ఆ తర్వాత నాలుగు రోజులు కోస్తా జిల్లాలు భగ్గుమన్నాయి, రైళ్ళు ఆగాయి, కాల్పుల్లో జనం చనిపోయారు. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. తెలుగు పత్రికలు ఏళ్ళ తరబడి రాసినా కదలని ఢిల్లీ నాలుగు రోజుల్లో కదిలింది. పత్రికల్లో ఉన్న అభిప్రాయాన్ని ఢిల్లీ చదివింది, నమ్మలేదు. వీధిలోకి వచ్చాకే నమ్మింది. ఈ సంగతి 1955లో అందరికీ గుర్తుంది. కాబట్టే ఈసారి ఆంధ్రను తేలిగ్గా తీసుకోకుండా కాంగ్రెస్ తన బలగం మొత్తం దించింది.

పాతకట్టలు:
డెస్కు దీపం గారూ, చాలా విలువైన మాటలు. మీరన్న బలగంలో రెండు కాగితాలు కూడా ఉన్నాయి.

ఒకటి ఆవడి తీర్మానం. 1955 జనవరిలో మద్రాసు పక్కనే ఆవడిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సోషలిస్టు తరహా సమాజం మా ధ్యేయం అని అక్కడ తీర్మానించారు. ఆంధ్ర ఎన్నికలకు నెల ముందు, ఆంధ్ర సరిహద్దుకి కూతవేటు దూరంలో. భూమి, సమానత్వం అని కమ్యూనిస్టులు ఊరూరా చెబుతున్న మాటని కాంగ్రెస్ తన నోటితో చెప్పడం మొదలుపెట్టింది.

రెండోది మాస్కో నుంచి వచ్చింది. గణతంత్ర దినోత్సవం సందర్భంగా సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని అచ్చు వేసి ఊళ్ళల్లో పంచింది. రష్యాయే నెహ్రూని మెచ్చుకుంటుంటే మీరెందుకు తిడుతున్నారని సభల్లో అడిగితే కమ్యూనిస్టు కార్యకర్త దగ్గర చెప్పడానికి ఏముంటుంది? గమనించండి, ఇక్కడ ఒక పత్రికలోని వ్యాసం నిజంగానే ఓట్ల మీద పనిచేసి ఉండొచ్చు. కాకపోతే అది తెలుగు పత్రిక కాదు, రాసినవాళ్ళ మనసులో ఆంధ్ర ఓటరు లేడు.

శ్రీకాకుళం తాటిచెట్టు:
అసలు ప్రభుత్వం ఎందుకు పడిపోయిందో ఎవరూ రాయలేదు. కల్లు మీద!

మద్రాసు రాష్ట్రంలో పెట్టిన మద్యనిషేధం మనకి వారసత్వంగా వచ్చింది. లక్షలమంది గీత కార్మికుల పొట్ట కొట్టింది. చెట్టు ఎక్కితే నేరం. కల్లు గీయకుండా పులియని నీరా తీసుకోండి, బెల్లం వండుకోండి అన్నారు, ఆ పనికి ఎంతమందికి బువ్వ దొరుకుతుంది? రామమూర్తి కమిటీ వేశారు. నిషేధం పనిచెయ్యట్లేదు, ఎత్తెయ్యమని కమిటీ చెప్పింది. ప్రభుత్వం వినలేదు. మా గౌతు లచ్చన్న గారు మంత్రి పదవి వదిలేసి గీత కార్మికుల వైపు నిలబడ్డారు. చివరికి అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ప్రకాశం గారు దిగిపోయారు.

మీరు 1955 గురించి ఇంతసేపు మాట్లాడుకున్నా కమ్యూనిజం, నెహ్రూ, రష్యా తప్ప తాటిచెట్టు మాటే రాలేదు. ఆనాటి మద్రాసు పత్రికల్లోనూ అంతే అయ్యుంటుంది. పెద్ద పేజీల్లో పెద్ద మాటలు. మా తాత గీత కార్మికుడు. ఆయన్ని ఎవరైనా నీ అభిప్రాయం ఏంటని అడిగి ఉంటే కల్లు గురించి చెప్పేవాడు, మాస్కో గురించి కాదు. ఆ ఎన్నికల్లో లచ్చన్న గారు ఉన్న కృషికార్ పార్టీ కాంగ్రెస్‌తో కలిసే నిలబడింది. అంటే నిషేధం తెచ్చిన పార్టీ, నిషేధాన్ని ఎదిరించిన నాయకుడు ఒకే కూటమి. మా ఊరి గీత కార్మికులు ఎవరికి వేశారో ఏ పత్రికలోంచి తెలుసుకుంటారు?

పల్నాటి పౌరుషం:
తాటిచెట్టు గారూ, ఈ పోస్టుకి నా నమస్కారం. నేను పొత్తు పొత్తు అని రాశాను గానీ ఆ పొత్తులో చేరినవాళ్ళ కడుపుమంట గురించి మీరే చెప్పారు.

సీమ కుర్రాడు:
అనంతపురం వాణ్ణి. కోస్తా పత్రికలూ, కోస్తా కమ్యూనిస్టులూ అయ్యాక మా మాట కూడా వినండి.

1937లో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో, అంటే ఆంధ్రపత్రిక స్థాపకుల ఇంట్లో. రాజధానో హైకోర్టో రాయలసీమకి ఇవ్వాలని. ఆ మాట ప్రకారం 1953లో కర్నూలు రాజధాని అయ్యింది. కమ్యూనిస్టులు విజయవాడ కావాలన్నారు. మా సీమలో వాళ్ళకు ఓట్లు తగ్గడానికి ఇదొక పెద్ద కారణం అని మా ఇంట్లో పెద్దలు ఇప్పటికీ అంటారు. 1952లో ఇదే అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి గారు నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు, అంత పట్టు ఉన్న చోటు.

కర్నూల్లో ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఎండాకాలం ఆ గుడారాల్లో కాగితాలు రాసిన గుమస్తాలు మద్రాసు నుంచి కుటుంబాలు వదిలేసి వచ్చినవాళ్ళు. వాళ్ళకి రాజధాని ఒక శిక్ష. మా జిల్లా రైతుకి అది ఒక మాట నిలబడ్డ రోజు. ఒకే గుడారం మీద రెండు అభిప్రాయాలు. కోస్తా నుంచి వచ్చిన విలేకరి దోమలు, దుమ్ము గురించి రాసేవాడని మా తాత కోప్పడేవాడు.

బెజవాడ బుల్లోడు:
అందరూ ఇంత రాశాక నార్ల గారి గురించి ఇంకొక్క మాట. ఆయన్ని కాంగ్రెస్ తొత్తు అని తీసిపారేస్తే అన్యాయం. గ్రాంథిక తెలుగు వదిలేసి జనం మాట్లాడే భాషను దినపత్రికలోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముందు వరసలో ఉన్నారు. 1959లో యాజమాన్యంతో పొసగక ఆంధ్రప్రభ వదిలేశారు, మరుసటి ఏడాది విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకులయ్యారు. ఆయన 1955లో రాసింది జీతం కోసం రాసినట్టు నాకు అనిపించదు, నమ్మి రాశారు. అందుకే అంత బలంగా పనిచేసింది.

అటువైపు శ్రీశ్రీ గారున్నారు. కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగి ప్రచారం చేశారు. ఆ ఎన్నికల రోజుల్లోనే మనిషి తీవ్రంగా అస్వస్థులయ్యారు. ఒక ఎన్నిక ఒక కవిని అంత కుదిపేసిందంటే ఆ రెండు నెలలూ ఈ రాష్ట్రంలో ఎంత వేడి ఉందో ఊహించండి. సీట్ల పట్టికలో ఆ వేడి కనపడదు.

డెస్కు దీపం:
నిజం. ఆ వేడిలోనే చెలామణీ అయిన పుకార్లు కూడా మర్చిపోకూడదు. కమ్యూనిస్టులు వస్తే గుళ్ళు పోతాయి, ఎకరం పొలం ఉన్నవాడికీ భూమి ఉండదు, ఆడవాళ్ళకు మర్యాద ఉండదు అని కృష్ణా గుంటూరు జిల్లాల్లో చెప్పుకునేవారు. తెలంగాణ పోరాటంలో జరిగిన హత్యల కథలు నిజం, అబద్ధం కలిపి తిరిగాయి. వీటిలో ఏది పత్రికలో పుట్టి ఊళ్ళోకి వెళ్ళిందో, ఏది ఊళ్ళో పుట్టి పత్రికలోకి ఎక్కిందో తేల్చాలంటే తేదీ వారీగా చదవాలి. ముందు ఏ పత్రికలో వచ్చింది, వారం తర్వాత ఏ సభలో వినపడింది. ఇది ఎవరైనా పూనుకుని చెయ్యాల్సిన పని.

లెక్కల మాస్టారు:
నేను చేస్తాను. 1955 జనవరి 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఆంధ్రపత్రిక ప్రెస్ అకాడెమీ స్కాన్లలో చూస్తాను. ప్రతి రోజూ మొదటి పేజీలో ఎన్నికల వార్త ఎంత జాగా తీసుకుంది, ఏ పార్టీ సభకు ఎన్ని లైన్లు ఇచ్చారు అని పట్టిక వేస్తాను. విశాలాంధ్ర ఆనాటి కట్టలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఉపయోగం.

శ్రీకాకుళం తాటిచెట్టు:
మాస్టారూ, పట్టికలో కల్లుకి కూడా ఒక గడి పెట్టండి. 1954 నవంబరు నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది, రామమూర్తి కమిటీ వార్తలు అక్కడ దొరుకుతాయి.

నల్లగొండ పోరి:
నేను గోలకొండ పత్రిక అదే రెండు నెలలు చూస్త. మా దిక్కు ఆంధ్ర ఎన్నికల మీద ఏం రాసిండ్రో, విశాలాంధ్ర మాట ఎన్ని సార్లు వచ్చిందో చూసి చెప్త. ఉర్దూ చదవొచ్చేటోళ్ళు ఎవరన్న ఉంటె సియాసత్ పట్టుకోండి. అది 1949 నుంచి ఉన్నది. అది చూడకుంట హైదరాబాద్ అభిప్రాయం సగమే తెలుస్తది.

సీమ కుర్రాడు:
జిల్లా వారపత్రికలు కూడా వదలొద్దు. నెల్లూరు జమీన్ రైతు లాంటివి మద్రాసు దినపత్రికల కంటే ఊరికి దగ్గర. పాత సంచికలు ఎక్కడ చూడొచ్చో తెలిసినవాళ్ళు ఇక్కడే రాయండి. వచ్చే నెల నేను నెల్లూరు వెళ్ళే పని ఉంది, చూసుకుని వస్తాను.